ఆ ఫైనల్లో లెఫ్ట్ బ్యాకు

మా వూళ్ళో ఫుట్‌బాల్‌ని క్రికెట్ చంపిందని అంటారు. కొందరు టీవీ అంటారు, కొందరు ఫోను అంటారు. మరీ తీరికున్నవాళ్ళు తుఫాను పేరు చెబుతారు. కొబ్బరిచెట్లతోపాటు గోలుపోస్టులూ కూలిపోయాయి, మళ్ళీ ఎవరూ నిలబెట్టలేదు, అక్కడితో ఆట సరి అని వాళ్ళ కథ. నేను ఒప్పుకోను. తుఫాను వచ్చేనాటికే ఆ గోలుపోస్టులకి మేకల్ని కట్టడం మొదలై చాలా ఏళ్ళయింది. క్రికెట్టేమో అంతకు ముందునుంచీ ఉంది. పొద్దున్న ఆ ఆట ఆడిన కాళ్ళే సాయంత్రం ఈ ఆట ఆడేవి. మా వూరి ఆటని బయటినుంచి వచ్చి ఎవరూ చంపలేదు. ఒక సాయంత్రం బడి గదిలో అయిదుగురం కూర్చుని పదకొండు పేర్ల జాబితా రాశాం. ఆ అయిదుగురిలో నేనొకదాన్ని. రాసింది నేను. అందులోంచి ఒక పేరు తీసెయ్యమన్నదీ నేనే. ఆ పేరుగల మనిషి ఇప్పుడు మా ఆయన.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. వ్యాపారం వచ్చి ఆటని పాడుచేసిందని వాపోయే వ్యాసం వారానికొకటి ఎవరో ఒకరు నా ఫోనుకి పంపిస్తారు. ఫుట్‌బాల్ పిచ్చిదాన్ని కదా, చదివి బాధపడతానని వాళ్ళ ఆశ. చదువుతాను. బాధ రాదు. ఆ వ్యాసాల్లో వ్యాపారం ఎప్పుడూ దొంగలా గోడ దూకి వస్తుంది. మా వూళ్ళో మాత్రం మేమే ఎదురెళ్ళి, పీట వేసి కూర్చోబెట్టాం.

పలాస నుంచి అక్కుపల్లి వెళ్ళే దారిలో, సముద్రానికి కాస్త ఇవతల మా వూరు. అంతా ఇసుక నేల. కొబ్బరి, జీడిమామిడి, మధ్యలో ఇళ్ళు. వేసవిలో జీడిపిక్కల పని తగ్గాక, వానలు పడే ముందు, చుట్టుపక్కల ఊళ్ళ పోటీలు జరిగేవి. గెలిచిన ఊరికి షీల్డూ పొట్టేలూ ఇచ్చేవాళ్ళు. ఇసుక మీద బంతి ఎగరదు, దొర్లదు. తన్నినచోటినుంచి పది అడుగులు వెళ్ళి ఆగిపోతుంది. అందుకని మా ఆట పొడుగాటి తాపుల ఆట కాదు. కాలికింద బంతి పెట్టుకుని, మనిషిని తప్పించుకుంటూ వెళ్ళే ఆట.

మా జట్టుని ఎంచడానికి ఓ పద్ధతి ఉండేది. ఊళ్ళో ఏడు వీధులు. వీధికొక మనిషి తప్పనిసరిగా జట్టులో ఉండాలి. మిగతా నాలుగు చోట్లకి బాగా ఆడేవాళ్ళని ఎవరినైనా తీసుకోవచ్చు. వీధి తరఫున ఆడేవాణ్ణి 'వీధి మనిషి' అనేవాళ్ళు. పోటీలకి నెల ముందునుంచీ వాణ్ణి వీధే మేపేది. సాధన అయ్యాక ఏ రోజు ఏ ఇల్లు కొబ్బరిబొండాం ఇవ్వాలో, ఏ ఇల్లు గుడ్లు ఇవ్వాలో వంతులు ఉండేవి. వంతు తప్పిన ఇంటి ఆడమనిషిని బావి దగ్గర మిగతావాళ్ళు ఏకేసేవారు. బూట్లు కూడా వీధే కొనేది. వీధి మనిషి ఆడితే వీధంతా గట్టుమీదకి వచ్చేది. తొంభై నిమిషాలూ వాళ్ళు బంతిని చూసేవారు కాదు, వాళ్ళ మనిషినే చూసేవారు. "తిరగరా, తిరగరా!" అని అరిచేవారు. తిరగకపోతే తిట్టేవారు. ఆ తిట్టే హక్కు బొండాంతో కొనుక్కున్నది.

మా వీధి మనిషి మా బావ. మా మేనత్త కొడుకు. లెఫ్ట్ బ్యాకు ఆడేవాడు, అంటే మన గోలుకి ముందు ఎడమవైపు కాపలా. మా ఇద్దరికీ పెళ్ళని చిన్నప్పటినుంచీ పెద్దవాళ్ళు వేళాకోళం చేసేవారు. నేను అప్పుడు టెక్కలిలో డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. లైబ్రరీలో పేపరు ఆఖరి పేజీ మొదట చదివే అలవాటు. ప్రపంచ కప్పుల్లో ఏ ఏడు ఎవరు ఎవరిమీద ఎన్నో నిమిషంలో గోల్ కొట్టారో అడిగితే చెప్పేదాన్ని, అడక్కపోయినా చెప్పేదాన్ని. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని డ్రిల్లు మాస్టారు నన్ను జట్టుని ఎంచే కమిటీకి పిలిచారు. రాయడానికి పిలిచారు. నేను మాట్లాడటానికి వెళ్ళాను.

పాతికేళ్ళ కిందటి మాట. వరసగా మూడేళ్ళు ఓడిపోయాం. ఆ ఏడు ఫైనల్‌కి వచ్చాం, అవతల కంచిలి వైపు ఊరు. కొబ్బరికాయలు ఒడిశాలో బరంపురానికి ఎగుమతి చేసే వ్యాపారి ఒకాయన కమిటీలో ఉండేవాడు. ఆయన అక్కడ కిరాయికి ఆడే ముగ్గురిని చూసి మాట్లాడి వచ్చాడు. ఒక గోలీ, ఒక ఫార్వర్డు, ఒక లెఫ్ట్ బ్యాకు.

"ముగ్గురూ కలిసే వత్తారట. ఒకడ్ని ఒగ్గీసి ఇద్దర్ని రమ్మంటే రారట," అన్నాడు.

"గోలీ సరే, ఫార్వర్డు సరే. లెఫ్ట్ బ్యాకు మనకెందుకయ్యా? అక్కడున్నోడు వీధి మనిసి కదా, ఆణ్ణి ఎలగ తీసీగలం?" అన్నారు మాస్టారు.

నేను కలం పక్కన పెట్టాను. "వీధికి ఒకడు, వీధికి ఒకడు అని పంచడానికి ఇదేమైనా పెళ్ళి భోజనమా మాస్టారూ? బాగా ఆడినవాడు ఆడాలి. ప్రపంచమంతా అంతే. ప్రొఫెషనల్‌గా ఉండాలి మనం. ఇలాగైతే క్వాలిటీ ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ప్రొఫెషనల్ అన్న మాట ఆ గదిలో అంతకు ముందు ఎవరూ అనలేదు. మాస్టారు నావైపు తిరిగారు.

"అయితే నువ్వే సెప్పమ్మా. ఎవుల్ని తీసీమంటావు?"

"లెఫ్ట్ బ్యాకుని. ఎడమకాలు మంచిదే. కుడివైపు తిరగడం ఆలస్యం. కిందటేడు సెమీఫైనల్లో మనమీద పడిన రెండు గోల్సూ అటునుంచే."

"నీకు బావ కదే ఆడు!" అన్నాడు వ్యాపారి.

"బావైతే? కాలు తిరుగుతుందా?"

అందరూ పగలబడి నవ్వారు. ఇంకో అయిదు నిమిషాలు వాదన జరిగి ఉంటే మాస్టారు ఒప్పుకునేవారు కారేమో. ఆ నవ్వుతో పని అయిపోయింది. నేను కలం తీసుకుని, ఆ పేరు వదిలేసి, ఆ చోట 'బరంపురం మనిషి' అని రాసి, కింద పేరుకి వెళ్ళాను.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. ఆట ప్రకారం నేనన్నది తప్పు కాదు. అతను కుడికి తిరగడం నిజంగానే ఆలస్యం. ఈ మాట ఇప్పుడైనా ఎవరితోనైనా వాదిస్తాను. రెండోది, బావని ఉంచమంటే పక్షపాతం అంటారని నాకు భయం. తీసెయ్యమంటే ఎంత నిక్కచ్చి పిల్ల అంటారని ఆశ. మొదటిది ఎంత, రెండోది ఎంత అని అడిగితే తూచి చెప్పలేను.

జాబితా బడి గోడకి అంటించారు. బావ సైకిలు దిగి చదివాడు. మళ్ళీ పైనుంచి చదివాడు. నేను అరుగుమీదే ఉన్నాను. నావైపు చూడకుండానే సైకిలెక్కి పోయాడు. మర్నాడు బూట్లు కడిగి, ఎండబెట్టి, లోపల పేపరు కుక్కి తెచ్చి మాస్టారికి ఇచ్చాడు. కిరాయి లెఫ్ట్ బ్యాకు బూట్లు పిగిలిపోయి ఉన్నాయని వ్యాపారి చెప్పాడట, కొలత సరిపోతుందట. ఫైనల్ రోజు పొద్దున్నే బారువలో వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు.

ఆ ముగ్గురూ పాసింజరు బండిలో పలాసలో దిగి, ఆటోలో వచ్చారు. బడి వరండాలో పడుకున్నారు. అన్నం కమిటీ పంపింది. వాళ్ళకి బొండాం ఇవ్వడానికి ఏ వీధి వంతూ లేదు. ఫైనల్ మేమే గెలిచాం, ఒకటి సున్నా. రెండో సగంలో పదిహేడో నిమిషం, కుడి మూలనుంచి కార్నరు, కిరాయి ఫార్వర్డు తలతో గోల్. కిరాయి గోలీ ఆఖర్లో ఎడమచేత్తో ఒక బంతిని బయటికి నెట్టాడు. మైకు పట్టుకున్నవాడి గొంతు పోయింది. మాస్టారు ఏడ్చారు. ఆ ముగ్గురూ కాళ్ళు కడుక్కుని సాయంత్రం బండికే వెళ్ళిపోయారు. పొట్టేలు కొయ్యడం కూడా వాళ్ళు చూడలేదు.

పొట్టేలు మాంసం ఏడు వాటాలు వేసి వీధివీధికీ పంపడం ఆనవాయితీ. మా వీధి వాటా వెనక్కి పోయింది. వెనక్కి పంపింది మా మేనత్త కాదు. మా అమ్మే ఆకులో తెచ్చినవాణ్ణి గడప దగ్గర ఆపేసింది.

"మన మనిసి ఆడనేదు. మనకెందుకురా?"

"గెలిసినాం కదా పెద్దమ్మా."

"ఎవులు గెలిసినారు? రైలెక్కి ఎలిపోనారు కదా. ఆలికే పంపండి."

నేను లోపల ఉన్నాను. గెలిచిన ఊళ్ళో ఆ పూట మా వీధిలో మాంసం వాసన లేదు.

తరవాతి ఏడు ఆ ముగ్గురినీ కంచిలివాళ్ళు పట్టుకుపోయారు. మా కమిటీ మళ్ళీ వీధుల దగ్గరికి వెళితే మా వీధి, పక్క రెండు వీధులూ తలుపులు తియ్యలేదు. "మీరు తెచ్చుకున్నోలినే ఆడించుకోండి," అన్నారు. బొండాం వంతులు పోయాయి. గట్టుమీద జనం పల్చబడ్డారు. చూసేవాళ్ళు లేక ఆడేవాళ్ళు తగ్గారు. మూడో ఏడో నాలుగో ఏడో పోటీలు ఆగిపోయాయి. ఎవరూ ప్రకటించలేదు. ఒక వేసవి గడిచిపోయాక, ఈసారి జరగలేదు కదూ అని ఎవరో అన్నారు.

ఆ ఫైనల్ అయిన రెండేళ్ళకి మా పెళ్ళయింది. పెద్దవాళ్ళు అడిగారు, నేను సరే అన్నాను, అతనూ సరే అన్నాడు. ఆ జాబితా మాట అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అతనికి కరెంటాఫీసులో లైన్‌మాన్ పని. నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ఏరే గదికి సూపర్‌వైజర్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా విరగని గుండు ఒక పక్క, రెండుగా చీలిన బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క. పనివాళ్ళు ఏరింది నేను మళ్ళీ చూస్తాను. పాతికమంది ఆడవాళ్ళు నా నోటికి భయపడతారు.

సాయంత్రాలు ఇద్దరం ఫుట్‌బాల్ చూస్తాం. నేను మాట్లాడతాను, ఆయన చూస్తాడు. బంతి ఎక్కడున్నా ఆయన కళ్ళు ఎడమ వెనకే ఉంటాయి. అవతల గోల్ పడి స్టేడియం ఊగిపోతున్నా, "ఈడు ముందుకెల్లి మల్లీ ఎనక్కి రానేదు, సూడు," అంటాడు. మొదట్లో నాకు చిరాకు. తరవాత అలవాటు. ఇల్లన్నాక ఒక ఫ్యాను కిర్రుమంటుంది కదా, అలాగ.

ప్రొఫెషనల్ ఆట గురించి నా అభిప్రాయాలు ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు, నేను చెబుతాను. క్లబ్బులకి ఇప్పుడు ఊళ్ళు అక్కర్లేదు, తెరలు చాలు. ఆట ఏ టైముకి మొదలవ్వాలో చెప్పేది ఎండా కాదు, ఆడేవాళ్ళ ఊపిరీ కాదు, ప్రకటనలు. జెర్సీ ముందువైపు రాతలు ఏటేటా మారతాయి. ఒక ఏడు సిమెంటు, ఒక ఏడు ఆసుపత్రి, ఒక ఏడు జూదం యాపు. జూదం యాపు బొమ్మ గుండెమీద వేసుకుని పిల్లలు బడికి పోతారు. ఆటగాణ్ణి కొన్నాళ్ళు వేరే క్లబ్బుకి ఇచ్చి మళ్ళీ తెచ్చుకుంటారు, పెళ్ళికి గిన్నెలు ఎరువిచ్చినట్టు. గిన్నెలకైనా అడుగున పేరు చెక్కించుకుంటాం. యజమానులేమో 'ప్రాజెక్టు' అంటారు. నా ఉద్దేశంలో ఆటని ప్రాజెక్టు అన్నవాడు ఎప్పుడో ఒకరోజు దాన్ని మూసేస్తాడు. మొదలుపెట్టినప్పుడే ముగింపు తేదీ లేనిదాన్ని ఎవరూ ప్రాజెక్టు అనరు.

ఇవన్నీ చెబుతూనే పదేళ్ళకు పైగా ఒక క్లబ్బుని వదలకుండా చూశాం. మన దేశపు క్లబ్బే. పేరు ఎందుకు, ఇప్పుడు లేదు. ఒకసారి ఆ జట్టు భువనేశ్వర్ వచ్చి ఆడుతుంటే పలాసలో రైలెక్కి వెళ్ళాం. గేటు దగ్గర నీళ్ళసీసా లాక్కున్నారు. లోపల అదే నీళ్ళు వాళ్ళ సీసాలో అమ్మారు. అది కూడా నాకు ఒక అభిప్రాయం. ఆట అయ్యాక ఆటగాళ్ళు పెద్ద టికెట్లవాళ్ళు కూర్చున్న వైపు వెళ్ళి చప్పట్లు కొట్టి లోపలికి పోయారు. మా వైపు ఒక్కడే వచ్చాడు. లెఫ్ట్ బ్యాకు. కంచె దాకా వచ్చి చెయ్యి ఊపాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు. చెయ్యి ఊపలేదు, ఊరికే నిలబడ్డాడు, వాడు లోపలికి వెళ్ళేదాకా.

ఈ ఏడు ఆ క్లబ్బు మూతపడింది. యజమాని తప్పుకున్నాడు. నేను ఏరే గదిలో ఉండగా ఫోను మోగింది. 'కార్యకలాపాలు నిలిపివేస్తున్నాం, అభిమానుల ఆదరణకు కృతజ్ఞతలు' అని రెండు వాక్యాలు. చదివాను. చేతిలో పప్పు ఉంది. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క వేస్తూనే ఉన్నాను. కోపం వస్తుందని చూశాను. పదేళ్ళు తిట్టిపోసిన దాన్ని, తిట్టడానికి ఇంతకంటే మంచి రోజు రాదు కదా. ఏమీ రాలేదు. పంటి డాక్టరు మత్తు ఇచ్చాక మన పెదవిని మనమే కొరుక్కున్నా తెలియదే, అలా ఉంది. పక్కనున్నావిడ, "ఏటి మేడం, ఎవులన్నా పోనారా?" అంది. లేదన్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన అప్పుడే స్తంభాల పని చేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఆ లెఫ్ట్ బ్యాకు గుంటడు ఎక్కడికెల్తాడు మరి?"

"ఆడికేటి బావా, ఇంకో క్లబ్బు సూసుకుంటాడు." ఇంట్లో నా యాస కూడా ఆయన యాసే.

"ఆడికెవుడు సెప్తాడు, నిన్ను ఇంక ఆడించం అని?"

"మెయిలొత్తాది."

"మెయిలెవుడు రాత్తాడు?"

"ఆఫీసులో ఎవుడో ఒకడు రాత్తాడు. ఎందుకిప్పుడు అయన్నీ?"

"ఊరికే," అని తువ్వాలు తీసుకుని లోపలికి పోయాడు.

తరవాతి ఆదివారం ఊళ్ళో కుర్రాళ్ళు అయిదారుగురు బళ్ళమీద వచ్చారు. ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళే. మా ఉద్దానం ప్రాంతంలో ఊళ్ళన్నీ కలిపి కొత్తగా లీగు పెడుతున్నారట. ఎనిమిది జట్లు, జట్టుకో యజమాని, పలాసలో పెళ్ళిమండపం తీసుకుని ఆటగాళ్ళ వేలం. కరపత్రం చూపించారు. ఆటగాళ్ళ ఫోటోల పక్కన ఏ, బి, సి అని గ్రేడులు వేసి ఉన్నాయి.

"అత్తా, నువ్వొచ్చి ముందు వరసలో కూకోవాలి. నీకు తెలిసినంత ఈ సుట్టుపక్కల ఎవులికీ తెల్దు. ఎవుడు పనికొత్తాడో, ఎవుడు పనికిరాడో సెప్తే సాలు."

"మావకి సన్మానం అత్తా! పాత ఆటగాడు కదా, సాలువా కప్పుతాం."

"నాకొద్దురా సాలువా, ఉక్కపోత," అన్నాడు ఆయన. వాళ్ళు నవ్వారు. ఆయన కరపత్రం అటూ ఇటూ తిప్పి, "వీధికొకడు ఉండాలనేటైనా రూలున్నాదా?" అని అడిగాడు.

"వీధేటి మావా?" అన్నాడొకడు.

ఇంకొకడికి తెలుసు, వాళ్ళ నాన్న చెప్పి ఉంటాడు. "అది పాతకాలం కదా మావా. అలగైతే క్వాలిటీ ఎక్కణ్ణుంచొత్తాది?"

నేను ఆ గదిలో అన్న మాట, దాదాపు అదే వరసలో. ఆ కుర్రాడు ఎవరినీ అవమానించలేదు. ముఖంలో మంచితనం తప్ప ఏమీ లేదు. అప్పుడు నా ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది.

"నాను రాను," అన్నాను.

"అదేటత్తా! వాదన పెట్టుకుందామన్నా నువ్వు రావా?"

"ఎవుడు పనికిరాడో ఓపాలి సెప్పీసినాను. సాలు."

వాళ్ళకి అర్థం కాలేదు. మంచినీళ్ళు తాగి, కరపత్రం బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఎన్ని రకాలుగా మొదలుపెట్టాలో పాతికేళ్ళు అనుకున్నదాన్ని, ఒక్కటీ గుర్తు రాలేదు.

"బావా. ఆ యేడు నీ పేరు తీసీమన్నది నానే."

"తెల్సు."

"ఎవులు సెప్పినారు?"

"ఎవులు సెప్పాలేటి? ఆ గదిలో నోరున్నది నీకొక్కర్తికే కదా."

నవ్వాడు కూడా. నాకు ఊరట కలగాలి, కలగలేదు. సిగ్గు రావాలి, అదీ రాలేదు. ఇంత తేలికగా అయిపోయే సంగతిని ఇన్నేళ్ళు మోశానా అని కూడా అనిపించలేదు. వినాల్సింది ఇంకా ఉందని మాత్రం తెలిసింది, ఎందుకంటే ఆయన ఇంకా నావైపే చూస్తున్నాడు.

"ఓటి అడగనా?"

"అడుగు."

"ఆడు బాగా ఆడినాడా?"

"ఎవుడు?"

"నా బూట్లేసుకున్నోడు."

నేను నోరు తెరిచాను. కార్నరు కనిపించింది, గోల్ కనిపించింది, గోలీ ఎడమచెయ్యి కనిపించింది, మాస్టారి కళ్ళజోడు తడి కనిపించింది. మైదానం ఎడమవైపు ఏమీ కనిపించలేదు. అక్కడ ఒక మనిషి తొంభై నిమిషాలు పరిగెత్తాడు. వాడు పొడుగో పొట్టో కూడా నాకు తెలియదు.

"గుర్తునేదు బావా."

"నీకా?"

"నాకే."

"ఏ ప్రపంచ కప్పులో ఎవుడు ఎప్పుడు కొట్టినాడో సెప్తావు. మనూరి ఫైనల్ గుర్తునేదా?"

"ఆడొక్కడూ గుర్తునేదు. నిజింగా."

"మనమీద గోల్ పడనేదు కదా?"

"పడనేదు."

"మరైతే బాగానే ఆడుంటాడు," అని లేచి, మోటారు వెయ్యడానికి పెరట్లోకి పోయాడు.

గోల్ పడకపోవడం లెఫ్ట్ బ్యాకు గొప్ప అని రుజువు కాదు. గోలీ ఆపి ఉండొచ్చు. అవతలివాళ్ళు అసలు అటువైపునుంచి రాకపోయి ఉండొచ్చు. ఇంకే మనిషి ఆ మాట అన్నా పది నిమిషాలు వాదించేదాన్ని. ఆయన వెనక పెరట్లోకి వెళ్ళలేదు.

ఆయనకి కావలసింది నా క్షమాపణ కాదని అప్పటికి తెలిసింది. తనని తీసేసి పెట్టిన మనిషి తనకంటే మెరుగా, కాదా, అంతే. మెరుగైతే ఆ జాబితా సరైనదే, ఆయన నిశ్చింతగా ఉంటాడు. కాకపోతే ఊరి ఆటని, వీధి వంతుల్ని, ఆ మాంసం వాటాని, ఆయన్నీ నేను ఊరికే తీసిపారేశాను. ఆయన ఆ రోజు బారువలో ఉన్నాడు, చూడలేదు. నేను గట్టుమీద ముందు వరసలో ఉన్నాను, నేనూ చూడలేదు. డబ్బిచ్చి తెచ్చుకున్న మనిషి సంగతి ఇంతేనేమో. గోల్ కొడితే గుర్తుంటాడు, గోల్ వదిలేస్తే గుర్తుంటాడు. తన పని తాను సరిగ్గా చేసుకుని పోతే ఏ వీధీ చూడదు. ఆ మూతపడ్డ క్లబ్బులో పదేళ్ళలో ఎంతమంది వచ్చి పోయారో, అందులో ఎంతమంది ముఖాలు నాకు గుర్తున్నాయో లెక్కేసుకోవడం మొదలుపెట్టి మానేశాను.

మర్నాటినుంచి అడగడం మొదలుపెట్టాను. డ్రిల్లు మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. కొబ్బరి వ్యాపారి ఉన్నాడు, చెవులు సరిగా వినబడవు. గట్టిగా అరిచి అడిగితే, "ఆడా? తలతో కొట్టినాడు కదే!" అన్నాడు. అది ఫార్వర్డు. అప్పటి కెప్టెన్ ఇప్పుడు సోంపేటలో ఎరువుల కొట్టు పెట్టాడు. ఫోన్ చేశాను. పొట్టేలు బరువుతో సహా చెప్పాడు. లెఫ్ట్ బ్యాకు అనేసరికి, "మీ బావే కదేటి ఆడింది?" అన్నాడు. కాదు, ఆడలేదు అన్నాను. "అవునా? నానేటి, మీ బావే అనుకుంటన్నాను ఇన్నాల్లూ," అన్నాడు. పక్కనే ఆడిన మనిషి. మైకు పట్టుకున్నవాడికి ముగ్గురిలో ఇద్దరి పేర్లు గుర్తున్నాయి. మూడో పేరు ఆ రోజంతా ఒక్కసారి కూడా పిలవలేదేమో అన్నాడు. మా వీధివాళ్ళని అడగడం దండగ, మా వీధినుంచి ఆ ఆటకి వెళ్ళింది నేనొక్కదాన్నే.

మా ఆయన మళ్ళీ అడగలేదు. నేను అడుగుతూ తిరుగుతున్నానని ఆయనకి తెలుసు. వద్దనడం లేదు. నిన్న అన్నం తింటూ, "ఎవులన్నా సెప్పినారేటి?" అన్నాడు. లేదన్నాను. పెరుగు వేసుకున్నాడు.

కాబట్టి ఇది చదివేవాళ్ళలో కంచిలి వైపువాళ్ళు ఉంటే, బరంపురం వాళ్ళు ఉంటే, ఆ రోజు మా ఇసుకలో గట్టుమీద నిలబడి ఒక్కసారైనా బంతిని వదిలి ఎడమవైపు చూసినవాళ్ళు ఉంటే, నాకు చెప్పండి. మొహమాటం వద్దు, ఏ జవాబైనా ఆయనకి అలాగే చెబుతాను. కుడివైపునుంచి మనిషి దూసుకొచ్చినప్పుడు అతను వేగంగా తిరిగాడా?